గోరంత నొప్పే కదా అనుకోవద్దు

ఊడ్పుల రోజుల్లో తెల్లవారుజామున నాలుగు గంటలకే పేటలో పొయ్యిలు రాజుకుంటాయి. ఐదింటికల్లా క్యారేజీలు సర్దుకుని ముఠాలు ఆటోలెక్కుతాయి. ఆరింటికి మడిలో దిగితే మళ్లీ గట్టెక్కేది అన్నం వేళకే. అప్పటిదాకా నడుము వంగే ఉంటుంది, కాళ్లు నీళ్లలోనే ఉంటాయి. ఈ పనిచేసే ఆడవాళ్ల నడుము నొప్పి గురించి మనం మాట్లాడతాం. కూలి రేటు గురించి మాట్లాడతాం. కాని ఆ కాళ్ల గురించి, ఆ కాలివేళ్ల గురించి మాట్లాడం. మేమూ మాట్లాడలేదు. ఆ తప్పు ఒప్పుకుంటూనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

నాలుగేళ్ల కిందటి సంగతి. కృష్ణా డెల్టాలో ఒక ఊరు. ఎకరాకు ఇంత అని గుత్తకు ఊడ్చే రేటు పెంచాలని రాత్రి పూట రామాలయం అరుగు దగ్గర కూర్చున్నాం. ముప్పై నలభై మంది వచ్చారు. ముందు వరసలో యాభై ఏళ్ల అక్క ఒకామె కూర్చుంది. కుడికాలు చాపి, బొటనవేలుకి పాతగుడ్డ చుట్టుకుని ఉంది.

"ఏందక్కా, కాలట్టా పెట్టావు?" అని అడిగాం.

"ఏం లేదులే తమ్ముడూ, గోరు లోపలికి దిగింది. ఊడ్పులయ్యాక చూసుకుంటాలే" అంది.

సరేనని మేము రేటు సంగతిలోకి వెళ్లిపోయాం. గుడ్డ విప్పి చూపించమనలేదు. ఎన్ని రోజులైందని అడగలేదు. ఆమె మాత్రం ఆ కాలితోనే మరి ఎనిమిది రోజులు బురదలో దిగింది. నొప్పి ఓర్చుకోలేక ఒకరాత్రి సగం బ్లేడుతో గోరు మూల తవ్వింది. రక్తం వచ్చింది. ఎవరో చెబితే సున్నం పెట్టింది. తొమ్మిదోనాడు చలిజ్వరం వచ్చింది. వేలు నల్లబడింది. పాదం మీదినుంచి చీలమండ దాకా ఎర్రటి చార పాకింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రక్తపరీక్ష చేశారు. ఆమెకు షుగరుంది. ఉందన్న సంగతి అప్పటిదాకా ఆమెకే తెలియదు. ప్రాణం దక్కింది గాని వేలు తీసేశారు. మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. ఆ సంవత్సరం ఊడ్పుల కూలీ పోయింది, కోతల కూలీ పోయింది. ఆటోలకీ మందులకీ వడ్డీకి తెచ్చింది ఇంకా తీరలేదు.

మేస్త్రి మొదట్లో ఏమన్నాడో తెలుసా? "గోరంతను కొండంత చేస్తున్నారు" అన్నాడు. మేస్త్రిని తిట్టుకున్నాం. కాని ఆలోచిస్తే ఆ రాత్రి అరుగు మీద మేము చేసింది మాత్రం ఏమిటి? మాటతో అనలేదు, అంతే తేడా. రేటు పెంచాలని కూర్చున్న మాకు, ఆ రేటు సంపాదించే కాలు కనపడలేదు.

ఆ తర్వాత మేము ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారొకరి దగ్గర రెండు మూడుసార్లు కూర్చుని ఇదంతా అడిగి తెలుసుకున్నాం. మా కాలి మీదే చేసి చూశాం. పెద్ద చదువులు చదివి రాస్తున్నది కాదిది. మనలాంటివాళ్లు ఇంట్లో చేసుకోగలిగినదేదో, చేసుకోకూడనిదేదో తేడా తెలియాలని రాస్తున్నాం.

గోరు లోపలికి ఎందుకు దిగుతుంది?

మన వైపు వేలిగోరు దగ్గర ఏ నొప్పి వచ్చినా గోరుచుట్టు అనేస్తాం. నిజానికి రెండు రకాలున్నాయి. గోరు చుట్టూ ఉన్న చర్మంలో చీము పట్టి వాయడం గోరుచుట్టు. ఇది చేతివేళ్లకు ఎక్కువ. గోరు అంచే పక్కనున్న కండలోకి గుచ్చుకుని దిగడం వేరు. ఇది ఎక్కువగా కాలి బొటనవేలుకు వస్తుంది. మొదట గోరు దిగి, తర్వాత చీము పడితే రెండూ కలిసిపోతాయి. అప్పుడిక సామెత చెప్పినట్టే, గోరుచుట్టు మీద రోకటిపోటు.

గోరు దిగడానికి మొదటి కారణం మనం గోరు తీసే పద్ధతే. పొట్టిగా, చంద్రవంకలా గుండ్రంగా తీస్తాం. మూలల్లో బ్లేడు పెట్టి లోపలిదాకా కోస్తాం. గోళ్లు నానినప్పుడు చేత్తో చించి పారేసే అలవాటూ ఉంది. మూల దగ్గర చిన్న ముక్క కంటికి కనపడకుండా మిగిలిపోతుంది. గోరు పెరిగేకొద్దీ ఆ ముక్క ముల్లులా కండలోకి పోతుంది. మనం గుచ్చుకున్న ముల్లును తీసేస్తాం. ఇది రోజూ పెరిగే ముల్లు.

రెండోది నీళ్లు. నీళ్లలో ఐదారు గంటలు నానితే చర్మం తెల్లగా ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. మెత్తబడిన కండలోకి గోరంచు తేలిగ్గా దిగుతుంది. దానికి తోడు మన నడక ఒకటి. జారే గట్టు మీద నారుకట్ట నెత్తిన పెట్టుకుని నడిచేటప్పుడు పడిపోకుండా బొటనవేలు నొక్కిపట్టే నడుస్తాం. బరువంతా ఆ వేలి మీదే.

మూడోది దెబ్బలు. గట్టు రాయి తగలడం, పార పడటం, ఎడ్ల గిట్ట కింద పడటం. దెబ్బతిన్న గోరు వంకరగా, మందంగా పెరుగుతుంది. నాలుగోది బిగుతు చెప్పులు, బూట్లు. పట్నంలో వాచ్‌మన్ పనికో, కోళ్లఫారం పనికో పోయి చవక బూట్లు తొడుక్కుంటున్న మన పిల్లల్లో ఇది బాగా చూస్తున్నాం.

మొదట వేలి పక్క కాస్త ఎర్రబడుతుంది, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండోదశలో వాపు పెరుగుతుంది, చీము కారుతుంది, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేం. మూడోదశలో గోరు పక్కన ఎర్రటి దుర్మాంసం పెరిగి, తాకితే రక్తం వస్తుంది. రెండూ మూడూ దశలు ఇంటివైద్యానికి లొంగేవి కావు. కాబట్టి మొదటి దశలోనే పట్టుకోవాలి. ఊడ్పులయ్యాక చూద్దామంటే ఊడ్పులయ్యేసరికి అది మూడోదశకు పోతుంది.

ఇంట్లో ఏం చెయ్యాలి?

పని నుంచి రాగానే కాళ్లు సబ్బుతో బురద పోయేలా కడగాలి. ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పొయ్యాలి. చంటిపిల్లకు పోసే స్నానం నీళ్ల వేడి చాలు. ఎక్కువ వేడైతే త్వరగా తగ్గుతుందన్నది భ్రమ. మోచెయ్యి ముంచి చూసుకోండి. లీటరు నీళ్లకు ఒక చెంచా ఉప్పు వెయ్యొచ్చు. అందులో పాదం పదిహేను నిమిషాలు, ఇరవై నిమిషాలు ఉంచాలి. రోజుకు మూడుసార్లన్నా చెయ్యాలి.

ఇక్కడ ఒక ఆడకూలీ మమ్మల్ని నిలదీసింది. "ఏంది తమ్ముడూ, పొద్దంతా నీళ్లలో నానబట్టేగా ఈ జబ్బు? మళ్లీ నీళ్లలో పెట్టమంటావేంది?" అంది. మంచి ప్రశ్న. పొలంలో నానేది గంటల తరబడి, మురికి నీళ్లలో, బరువు మోస్తూ. ఇక్కడ నానేది పావుగంట, శుభ్రమైన వెచ్చని నీళ్లలో, కాలికి విశ్రాంతి ఇచ్చి. గట్టిగా ఉన్న గోరూ చర్మమూ కాస్త మెత్తబడి, లోపల బిగుతు తగ్గి నొప్పి సద్దుమణుగుతుంది. ఆ తర్వాత తప్పనిసరిగా చెయ్యాల్సింది ఆరబెట్టడం. ఉతికిన పొడిగుడ్డతో వేలూ, వేళ్ల సందులూ అద్ది తుడవాలి. తడి అలాగే ఉంచి పడుకుంటే చేసిందంతా వృథా.

నానిన గోరు మెత్తగా ఉన్నప్పుడే రెండో పని చెయ్యాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, కాస్త కొబ్బరినూనె గాని వాజలీను గాని రాసి, గోరు పక్కనున్న కండను వేలితో మెల్లగా గోరుకు దూరంగా తొయ్యాలి. ఒక్కసారిగా కాదు, పదిపదిహేనుసార్లు మెల్లమెల్లగా.

మూడోది వత్తి పెట్టడం. మందుల షాపులో దొరికే శుభ్రమైన దూది కొంచెం తీసుకుని, దీపం వత్తి చేసినట్టే రెండు వేళ్ల మధ్య నలిపి, వడ్లగింజంత సన్నటి వత్తి చెయ్యాలి. గోరు మూలను కొంచెం పైకెత్తినట్టు చేసి, గోరుకూ కండకూ మధ్య ఆ వత్తిని జరపాలి. అది గోరంచును కండ మీదినుంచి కాస్త లేపి ఉంచుతుంది. బలవంతంగా కుక్కకూడదు. నొప్పి పెరిగితే ఆపెయ్యాలి. రోజూ పాత వత్తి తీసేసి కొత్తది పెట్టాలి. తడిసిన వత్తిని రాత్రంతా ఉంచొద్దు. చీము ఉంటే అసలు వత్తి జోలికే పోవద్దు.

వత్తి పెట్టడం చేతకానివాళ్లకు ఇంకో ఉపాయముంది. కట్టుకు అంటించే ప్లాస్టరు వేలెడు పొడవు ముక్క తీసుకోవాలి. ఒక కొసను నొప్పి ఉన్న వైపు కండ మీద, గోరు పక్కనే అంటించాలి. దాన్ని గోరుకు దూరంగా లాగిపట్టి, వేలి కిందుగా ఏటవాలుగా తిప్పి రెండో కొస అంటించాలి. గోరు మీద బిగించి చుట్టడం కాదు, కండను గోరు నుంచి పక్కకు లాగి ఉంచడం దీని కిటుకు. వేలు నల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసెయ్యాలి.

నొప్పికి పారాసిటమాల్ 500 మాత్ర చాలు. పెద్దవాళ్లు ఏమన్నా తిన్నాక ఒకటి వేసుకుని, ఆరు గంటల దాకా ఆగి, కావాలంటే ఇంకోటి వేసుకోవచ్చు. రోజూ తాగుడు అలవాటున్నవాళ్లూ లివరు జబ్బు ఉన్నవాళ్లూ డాక్టర్నడక్కుండా వేసుకోకూడదు. అంతకంటే గట్టి నొప్పి మాత్రలు, నొప్పి సూదిమందులు మన ఊళ్లలో మిఠాయిల్లా ఇచ్చేస్తున్నారు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగక ఎండిపోయిన ఒంట్లోకి ఆ మందులు పోతే కిడ్నీలకు చేటు. ఉద్దానంలో కిడ్నీలు పాడై మంచం పట్టిన కష్టజీవుల సంగతి తెలిసి కూడా మనం ఈ మందులను తేలిగ్గా తీసుకోకూడదు.

రాత్రి పడుకునేటప్పుడు కాలి కింద దిండో, మడతపెట్టిన దుప్పటో పెట్టుకుని ఎత్తుగా ఉంచితే పోటు తగ్గుతుంది. బూట్లు మానేసి, వేళ్లకు ఒత్తిడి లేని చెప్పులు వేసుకోవాలి.

ఇలా చేస్తే రెండు మూడు రోజుల్లో నొప్పి సగానికి దిగాలి. దిగితే సరైన దారిలో ఉన్నట్టు. అయితే నొప్పి పోయింది కదా అని వదిలెయ్యకూడదు. కాలి బొటనవేలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. మొత్తం కొత్త గోరు రావాలంటే ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. లోపలికి దిగిన మూల కండను దాటి బయటికొచ్చేదాకా, అంటే రెండు మూడు నెలలు, కనిపెట్టుకుని ఉండాలి.

మా అనుభవం చెబుతాం. పోయినేడు జాతాలో పదకొండు రోజులు నడవాల్సి వచ్చింది. ఎవరో ఇచ్చిన బూట్లు, ఒక సైజు తక్కువ. ఐదోరోజుకు ఎడమకాలి బొటనవేలు ఎర్రబడింది. పాతరోజుల్లో అయితే మేమూ బ్లేడు తీసేవాళ్లమే. ఆ అక్క వేలు గుర్తొచ్చి ఆగాం. బూట్లు తీసేసి చెప్పులేసుకున్నాం. బస చేసిన ప్రతిచోటా బేసిన్ అడిగాం. కొందరు నవ్వారు. "నాయకుడికి కాళ్లు కడగడానికి వేణ్ణీళ్లు కావాలంట" అని హాస్యమాడారు. మూడోరోజుకి మామూలుగా నడిచాం. వత్తి మాత్రం రెండున్నర నెలలు మార్చుకుంటూనే ఉన్నాం.

ఏం చెయ్యకూడదు?

బ్లేడు, పిన్నీసు, కొడవలి మొన, ఏదీ గోరు మూలలోకి పెట్టకూడదు. తవ్వితే ఆ రాత్రికి హాయిగా ఉంటుంది, నిజమే. కాని లోపల ముక్క మిగిలి ఇంకా లోతుకు దిగుతుంది. పుండులోకి బురదా పేడా చేరితే ధనుర్వాతం భయం. అలా కోసుకుని రక్తం వచ్చినవాళ్లు, టీకా వేయించుకుని ఐదేళ్లు దాటివుంటే సబ్‌సెంటరుకు పోయి వేయించుకోవాలి.

గోరు మధ్యలో గాటు పెడితే అంచులు దగ్గరికి వస్తాయని కొందరు పెద్దలు చెబుతారు. గోరు పెరిగేది వేరు నుంచి, కొసనుంచి కాదు. కొసన గాటు పెడితే వేరుకు తెలియదు. దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.

వేలికి నిమ్మకాయ తొడుక్కోవడం మన అమ్మమ్మల కాలం నుంచి ఉంది. చల్లగా ఉండి కాసేపు హాయినిస్తుందేమో గాని, అది గోరును పైకి లేపదు. పచ్చిపుండు మీద నిమ్మపులుసు పడితే మండుతుంది. సున్నం, మైలతుత్తం, కిరసనాయిలు, బ్యాటరీ నీళ్లు, పొగాకు కాడ, పేడ, ఇవన్నీ పెట్టగా చూశాం. దుర్మాంసం కాలుతుందని మైలతుత్తం పెడతారు. దానితో పాటు మంచి కండా కాలుతుంది. పాత అలవాట్లన్నీ చెడ్డవని మేము అనడంలేదు. వేణ్ణీళ్ల కాపడం మన అమ్మలు చెప్పిందే, దాన్ని డాక్టర్లూ చెబుతున్నారు. మేలుచేసేదాన్ని ఉంచుకుందాం, చేటుచేసేదాన్ని వదిలేద్దాం.

ఇంట్లో ఆగకూడనివాళ్లు

షుగరు ఉన్నవాళ్లు పైన చెప్పిన ఇంటివైద్యం ఏదీ చేసుకోకూడదు. వాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నీళ్లు కాలుతున్నా తెలియదు, పుండు పెరుగుతున్నా నొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అనుకుంటూండగానే వేలు కుళ్లుతుంది. షుగరు పట్నంలో కూర్చుని తినేవాళ్ల జబ్బనే మాట ఇప్పుడు చెల్లదు. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరున్నదని లెక్కగట్టింది. వాళ్లలో కూలినాలి చేసుకునేవాళ్లూ ఉన్నారు. చాలామందికి ఆ అక్కలాగే తమకున్నదని తెలియదు. కాబట్టి నలభై దాటిన ప్రతి ఒక్కరూ, పుండు మానకుండా ఉన్న ప్రతి ఒక్కరూ ఒక్కసారి పరీక్ష చేయించుకోవాలి.

కుష్టువల్ల గాని మరో కారణంవల్ల గాని పాదాలకు స్పర్శ పోయినవాళ్లు, బీడీలు బాగా తాగి కాళ్లకు రక్తం సరిగా ఆడనివాళ్లు కూడా నేరుగా డాక్టరు దగ్గరికే పోవాలి.

షుగరు లేనివాళ్లయినా ఈ గుర్తులు కనపడితే ఒక్కరోజు కూడా ఆగకూడదు. చీము కారడం, జ్వరం, చలి. వేలి నుంచి పైకి ఎర్రటి చార పాకడం. గజ్జల్లో బిళ్ళ కట్టడం. వేలు నల్లబడటం. మూడు నాలుగు రోజులు ఇంట్లో చూసుకున్నా నొప్పి తగ్గకపోవడం. ఇంకోమాట. కాలికి పుండుండి ఎలుకలు తిరిగే మడినీళ్లలో పనిచేసినవాళ్లకు, ఆ తర్వాత జ్వరమూ ఒళ్లునొప్పులూ కళ్లెర్రబడటమూ వస్తే అది ఎలుకజ్వరం కావచ్చు. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలోని క్రిమి పుండు గుండానే ఒంట్లోకి పోతుంది. డాక్టరుకు "జ్వరం" అని మాత్రమే చెప్పకుండా, "పుండు కాలితో మళ్లో దిగాను" అని కూడా చెప్పాలి. ఆ ఒక్కమాట ప్రాణం నిలబెట్టొచ్చు.

ఆసుపత్రిలో ఏం చేస్తారోనన్న భయంతోనే చాలామంది పోరు. వేలు కోసేస్తారనుకుంటారు. కాదు. వేలి మొదట్లో తిమ్మిరి సూది వేస్తారు. ఆ సూదిపోటే నొప్పి, తర్వాత తెలియదు. గోరంతా పీకకుండా దిగిన అంచును మాత్రం చీల్చి తీస్తారు. ఆ అంచు మళ్లీ పెరగకుండా దాని వేరుకు ఫినాల్ అనే మందు అద్దుతారు. అరగంట పని. అదేరోజు ఇంటికి రావచ్చు. గోరంతా పీకించుకుంటే పీడ పోతుందని కొందరనుకుంటారు గాని, ఊరికే పీకేసి వదిలితే కొత్తగోరు మళ్లీ దిగేది ఎక్కువ. ఇక్కడే ఒక హెచ్చరిక. ఫినాల్ వేరు, మనం నేల కడిగే ఫినాయిల్ వేరు. పేరు దగ్గరగా ఉంది కదా అని ఎవరూ ఫినాయిల్ వేలి మీద పోసుకోవద్దు. ఫినాల్ కూడా డాక్టరు చేతిలోనే మందు, బయట విషం.

మళ్లీ రాకుండా

గోరు పార అంచులా సూటిగా తియ్యాలి. మూలలు గుండ్రంగా కొయ్యకూడదు. వేలి కొసకు సమానంగా ఉండాలి గాని, కండ బయటపడేలా పొట్టిగా తియ్యకూడదు. బ్లేడు మానేసి నెయిల్‌కట్టరు కొనుక్కోవాలి. ఇంటికొకటి చాలు. ఇంట్లో ఎవరికన్నా గోళ్లకు తామర ఉంటే వాళ్లకు వేరే కట్టరుండాలి. మడినుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు ఆరబెట్టాలి. అన్నం వేళ గట్టు మీద కూర్చున్నప్పుడు కూడా కాళ్లు తుడిచి ఎండకు పెట్టండి. ఆ అరగంట కూడా కాళ్లకు మేలే.

వేలి నొప్పి ఒక్కరిది కాదు

ఇదంతా చెప్పినప్పుడు ఒక చెల్లెలు లేచి అడిగింది. "అన్నీ బాగానే చెప్పావన్నా. మూడు రోజులు బురదలో దిగొద్దంటే మూడు రోజుల కూలి ఎవరిస్తారు?"

దానికి మా దగ్గర తయారు జవాబు లేదు. ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికునికి 1948 నాటి ఈఎస్ఐ చట్టం జబ్బుచేస్తే 91 రోజుల దాకా కూలిలో కొంత భాగం ఇచ్చే ఏర్పాటు చేసింది. అది కార్మికులు పోరాడి నిలబెట్టుకున్న హక్కు. పొలంలో పనిచేసేవాళ్లకు ఆ నీడ పడలేదు. మడిలో దిగినరోజే కూలి, దిగనిరోజు పస్తు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టె ఉండాలని రాసింది. మేము తిరిగిన ఎన్నో పనిచోట్ల ఆ పెట్టెను చూడలేదు. ఒకచోట పెట్టె ఉంది, దాంట్లో ఖాళీ సీసా ఉంది. ఇక ఆసామి పొలంలో అయితే పెట్టె మాటే లేదు.

ఆ చెల్లెలి ప్రశ్న మీద ఆ ఊరి ముఠాలో రెండు రాత్రులు వాదన జరిగింది. గుత్తపని గనక వచ్చింది అందరూ సమానంగా పంచుకుంటారు. కాలు బాగాలేని మనిషిని మూడు రోజులు గట్టు మీద ఉంచి, నారుకట్టలు అందించే పనిస్తే సరిపోతుందని కొందరన్నారు. "ఆమె వంతు మేమెందుకు మొయ్యాలి? రేపు అందరికీ గోరు నొప్పే వస్తది" అని కొందరు ఎదురు తిరిగారు. ఆ మాటలోనూ కొంత నిజముంది. అందరూ కడుపు కట్టుకునే పనిచేస్తున్నారు. చివరికి వేలు పోగొట్టుకున్న అక్కే మాట్లాడింది. ఎక్కువ మాట్లాడలేదు. కాలు ముందుకు చాపి, "నాకు మూడు రోజులు గట్టు మీద చోటిచ్చుంటే ఇది ఉండేదిగా" అంది.

ఆ తర్వాత ఎవరూ వాదించలేదు. ఒక సీజనులో ఒక మనిషికి మూడు రోజులు గట్టు పని, వంతు మాత్రం సమానమే. కాలు చూపించాలి. చూడటానికి ముఠాలోనే ఇద్దరాడవాళ్లను ఎన్నుకున్నారు. తలా పదిరూపాయలేసుకుని ఒక డబ్బా కొన్నారు. దాంట్లో దూది, ప్లాస్టరు, నెయిల్‌కట్టరు, అయోడిన్ ఆయింట్‌మెంటు, సబ్బు, పారాసిటమాల్ పెట్టారు. పోయిన రెండు ఊడ్పుల్లో ఆ ముఠాలో నలుగురు గట్టు పని తీసుకున్నారు. ఒకరిని ఆసుపత్రికి పంపారు. ఎవరి వేలూ పోలేదు.

అయితే ముఠా డబ్బాతో అంతా తీరదు. సర్కారు చెయ్యాల్సింది సర్కారు చెయ్యాలి. కూలివాళ్లు పొలం నుంచి వచ్చేసరికి సబ్‌సెంటరుకు తాళం పడుతోంది. ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో సాయంత్రం పూట తెరవాలి. షుగరు పరీక్ష, ధనుర్వాతం టీకా అక్కడ ఎప్పుడూ ఉండాలి. చిన్న గోరు ఆపరేషనుకు జిల్లా కేంద్రానికి పొమ్మనకుండా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే చెయ్యాలి. పనిచేయించుకునే ఆసామి గట్టు దగ్గర ఒక డ్రమ్ము మంచినీళ్లు కాళ్లు కడుక్కోవడానికి పెట్టించాలి. ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. గుత్త మాట్లాడేటప్పుడు రేటుతో పాటు ఈ డ్రమ్ము సంగతి కూడా మాట్లాడండి.

కార్యకర్తలకు చివరిగా ఒకమాట. రేపు మీరు ఏ పేటలో మీటింగు పెట్టినా, ముందు వరసలో ఎవరన్నా కాలు చాపి కూర్చుంటే, వేలుకి గుడ్డ చుట్టుకుని ఉంటే, ఉపన్యాసం కాసేపు ఆపండి. "గుడ్డ విప్పక్కా, చూద్దాం" అనండి. మేము ఆనాడు అనలేదు.